ఒరిజినల్ కార్బురేటర్

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ చెప్పింది, మా ఆయన చెప్పాడు, మా దవాఖాన డాక్టరమ్మ అయితే కాగితం మీద రాసినంత పని చేసింది. ఇరవై రెండేళ్ళుగా పెద్దేముల్ వైపు పల్లెల్లో సూదులేస్తూ తిరిగే నర్సుని. మెత్తగా మాట్లాడితే ఎవరు వింటారు? "బీపీ గోలీలు ఏసుకున్నవా?" అని నెమ్మదిగా అడిగితే "ఆ, ఏసుకున్న నర్సమ్మా" అని చక్కగా అబద్ధం చెప్తారు. "ఏసుకోకుంటే కాలూ చెయ్యీ పడిపోయి మంచంల పడ్తవ్, అప్పుడు నన్ను పిలువకు" అంటే, అప్పుడు ఏసుకుంటారు. అట్లా తయారైన నోరు ఇది. దీనివల్ల నాలుగు ప్రాణాలు నిలబడ్డాయన్న గర్వం కూడా నాకుంది. ఒక మనిషి పేరు పోయింది కూడా దీనివల్లే.

మా ఇల్లు తాండూరులో. నా సబ్‌సెంటరు పెద్దేముల్ దాటి లోపలికి పోవాలి. షేర్ ఆటో నిండి కదిలేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది, అందుకని పన్నెండేళ్ళ కిందట గేర్లు లేని చిన్న స్కూటర్ ఒకటి కొనుక్కున్నాను. నా సొంత జీతంతో కొన్న మొదటి పెద్ద వస్తువు అదే. దాని మీద ఎవరి చెయ్యి పడినా నాకు ఒళ్ళు మండేది.

తాండూరు రోడ్లు తెలిసినవాళ్ళకి దుమ్ము గురించి చెప్పక్కర్లేదు. నాపరాయి బండల లారీ ఒకటి ముందు పోయిందంటే వెనకాల ఉన్నవాళ్ళ కనుబొమ్మలు తెల్లబడతాయి. పోయిన వానాకాలంలో ఆ దుమ్ము, వాన నీళ్ళు కలిసి నా స్కూటర్ పెట్రోలు ట్యాంకులోకి చేరాయి. బండి మొరాయించింది. పెద్దేముల్ దారి మలుపులో రేకుల షెడ్డు కింద ఒక మెకానిక్ ఉంటాడు, అరవై దాటిన మనిషి. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. నా బండి కొన్న రోజు నుంచీ దాని మంచీ చెడ్డా ఆయనే చూస్తాడు. ఆ రోజు ట్యాంకు ఊడదీసి, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ బిగించి, "కచరా లోపలికి పోకుండ జర చూస్కో నర్సమ్మా" అన్నాడు.

చూసుకున్నాను. నా పద్ధతిలో చూసుకున్నాను. మా ఉద్యోగంలో టీకా సీసాల్ని జిప్పు పాలిథిన్ కవర్లలో పెట్టి, గట్టిగా నొక్కి మూసి, ఐసు ముక్కల మధ్య డబ్బాలో సర్దుతాం. చుక్క నీరు తగలకూడదు, తగిలితే లేబుల్ ఊడిపోతుంది. ఆ అలవాటుతో ఒక కవరు నుంచి గుండ్రంగా ముక్క కత్తిరించి, ట్యాంకు నోటి మీద పరిచి, పైన మూత పెట్టి, నా బలమంతా పెట్టి బిగించాను. దుమ్ము కాదు కదా, దుమ్ము తాత కూడా దూరలేడు అనుకున్నాను. పొద్దున్నే ఇంటి పక్క బంకులో పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా ఆ ముక్క తీసి, తుడిచి, మళ్ళీ పరిచేదాన్ని. బంకు దగ్గర వెనక నిలబడ్డవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. కొట్టుకోనీ.

అది జరిగిన కొన్నాళ్ళకే బండికి జబ్బు పట్టుకుంది. బటన్ నొక్కగానే స్టార్ట్ అయ్యేది. ముచ్చటగా రెండు మూడు కిలోమీటర్లు పోయేది. తర్వాత రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. కిక్కు కొట్టి కొట్టి నా మోకాలు వాచేది. విసుగొచ్చి చెట్టు నీడన పావుగంట కూర్చుంటే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. మళ్ళీ కాస్త దూరం పోయి ఆగేది. ఇంకో వింత, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మరీ తొందరగా ఆగేది. కడుపు నిండా పెడితే పని చెయ్యని మనుషుల్ని చూశాను గానీ బండిని చూడలేదు.

చాచా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. ప్లగ్గు మార్చాడు. ఆయనకో పద్ధతి ఉంది. బండి నుంచి తీసిన పాత సామాను తుక్కయినా సరే, పేపర్లో చుట్టి బండి వాళ్ళ చేతికే ఇస్తాడు. "నీ బండిది నీకే" అంటాడు. ఆ చుట్టూ పల్లెల్లో ఆయనకున్న పేరంతా ఆ పేపరు పొట్లంలోనే ఉంది. నాకూ పాత ప్లగ్గు పొట్లం కట్టి ఇచ్చాడు. షెడ్డు ముందు రెండు చక్కర్లు కొట్టి చూశాడు, బాగానే ఉంది. నేను కంది చేల దాకా పోయానో లేదో ఆగిపోయింది.

రెండోసారి కార్బురేటర్ విప్పి కడిగాడు. మూడోసారి ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, దాని పొట్లం ఇచ్చాడు. పెట్రోలు పైపు పీకి చూశాడు, ధార బాగానే పడింది. ఒకసారి ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు. నేను గయ్యిమన్నాను. "మూత తియ్యకు చాచా! లారీలు పోతున్నయ్ కనిపిస్తలేదా? మళ్ళ దుమ్ము పడితే ఎవరు కడగాలె? నిండా పోపిచ్చిన, పెట్రోల్ ఫికర్ నీకొద్దు." ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నర్సమ్మ వద్దన్నదంటే వద్దన్నట్టే. ఆ చుట్టుపక్కల నా మాట అట్లా చెల్లేది.

ఇంట్లో మా ఆయన ముందు ఏడుపొక్కటే తక్కువ. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఒరిజినల్ కార్బురేటర్ తీసి డూప్లికేట్ పెట్టిండేమో" అన్నాడు. అంతే. ఆయన అన్నదాంట్లో ఒక 'ఏమో' ఉంది. దాన్ని నేను వినిపించుకోలేదు.

ఆ వారం ఒక తండాలో పిల్లలకి టీకాలు వేసే రోజు వచ్చింది. కంది కోతల కాలం, తల్లులు కూలికి పోకముందే నేను అక్కడ ఉండాలి. పొద్దున్నే బయల్దేరాను. దారిలో మూడుసార్లు ఆగింది బండి. మూడోసారి ఎంత కూర్చున్నా నాకు ఓపిక రాలేదు, టీకా డబ్బా భుజాన వేసుకుని బండి తోసుకుంటూ నడిచాను. తండా చేరేసరికి గుడిసెల ముందు ముసలమ్మలు తప్ప ఎవరూ లేరు. ఎదురుచూసి ఎదురుచూసి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చేలకి పోయారట. మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోన్ చేసి పక్కవాళ్ళకి వినపడేంత గట్టిగా నన్ను నానా మాటలు అంది. ఇన్నేళ్ళలో టీకా రోజు తప్పిపోవడం నాకు అదే మొదలు. ఆ కోపంతోనే నేరుగా చాచా షెడ్డుకి పోయాను.

అప్పుడక్కడ అయిదారుగురు రైతులు మోటారు సైకిళ్ళతో ఉన్నారు. నేను బండికి స్టాండ్ వేసి, "చాచా, నా ఒరిజినల్ కార్బురేటర్ ఏడబెట్టినవ్?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "బండికే ఉంది గద నర్సమ్మా" అన్నాడు.

"ప్లగ్గు పొట్లం ఇచ్చినవ్, ఫిల్టర్ పొట్లం ఇచ్చినవ్. మరి కార్బురేటర్ పొట్లమేది? ఆడదాన్ని, నాకేం తెలుస్తదనుకున్నవా? మంచిది తీసి అమ్ముకుని డూప్లికేట్ పెట్టినవ్."

కడిగి మళ్ళీ బిగించినదానికి పొట్లం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఈ మాత్రం చిన్న పిల్లకైనా తెలుస్తుంది. ఆ రోజు నాకు తెలియలేదు. ఆయన నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"నర్సమ్మా, ఎంతన్న తిట్టు, పడ్త. దొంగ అని మాత్రం అనకు. ముప్పై ఏండ్ల సంది గీ మలుపుల కూసుంటున్న."

"అంట! దొంగను దొంగ అనక దొర అంటరా?" అన్నాను.

అక్కడితో ఆగినా పోయేది. ఆగలేదు. ఆ మర్నాటి నుంచి నేను పోయిన ప్రతి ఇంట్లో, బీపీ చూస్తూ, బాలింతల బరువు తూస్తూ ఆ సంగతి చెప్పాను. "మీ ఆయన బండి చాచా దగ్గర పెట్టకుండ్రి, లోపలి సామాన్ మారుస్తుండు." పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాటకి అంత దూరం కూడా అక్కర్లేకపోయింది. గోలీలు వేసుకోమంటే పది రోజులు బతిమాలించుకునే మనుషులు ఈ మాట మాత్రం ఒక్కసారికే మింగేశారు. చూస్తూ చూస్తూ ఉండగానే షెడ్డు ముందు బండ్లు పల్చబడ్డాయి. నెల తిరిగేసరికి ఆయన ఒక్కడే పాత స్టూలు మీద కూర్చుని కనిపించేవాడు. నేను మొహం తిప్పుకుని పోయేదాన్ని. నా బండిని తాండూరులో ఇంకొకతనికి చూపించాను, అతనూ కార్బురేటర్ కడిగాడు. జబ్బు ఎక్కడికీ పోలేదు.

ఒకరోజు వికారాబాద్‌లో మీటింగు పెట్టారు. రైలుకి పోదామంటే అందలేదు. ఏదైతే అదైందని బండి తీశాను. ఆగుతూ, కూర్చుంటూ, తిట్టుకుంటూ అనంతగిరి గుట్ట దాకా వచ్చాను. ఎక్కుడులో మళ్ళీ ఆగింది. రోడ్డు పక్క గోడ మీద కోతులు వరసగా కూర్చుని నన్నే చూస్తున్నాయి. పెట్రోలు అయిపోయిందేమోనని సీటు లేపి ట్యాంకు మూత తిప్పబోయాను. రాలేదు. ఎవరో లోపల్నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. కొంగు చుట్టి బలంగా తిప్పాను. 'స్స్' మని చప్పుడు వచ్చింది. చూస్తే నా పాలిథిన్ ముక్క చదునుగా లేదు. లోపలికి పీల్చుకుపోయి, గిన్నెలా గుంట పడి, ట్యాంకు నోటికి అతుక్కుని ఉంది. దాన్ని పీకి పర్సులో పడేసి బటన్ నొక్కాను. ఒక్క నొక్కుకి స్టార్ట్ అయింది.

ఆ 'స్స్' అనే చప్పుడు నాకు తెలుసు. మూత బిగించి ఉన్న మందు సీసాలోంచి మందు లాగాలంటే, ముందు సిరంజితో లోపలికి అంత గాలి ఎక్కించాలి. లేకపోతే మందు రాదు. గాజు సీసాల సెలైన్ ఉన్న రోజుల్లో సీసాకి గాలి కోసం ఇంకో సూది గుచ్చేవాళ్ళం. అది గుచ్చడం మరిచిపోతే చుక్కలు సన్నగిల్లి ఆగిపోయేవి. ఎంతమంది కొత్త పిల్లలకి నేర్పానో ఈ పాఠం! "లోపలికి గాలి పోకపోతే బయటికి చుక్క రాదే పిచ్చిదానా" అని ఎంతమందిని కసిరానో! పెట్రోలు ట్యాంకు మూతకి గాలి పోయే సన్నటి బెజ్జం ఉంటుంది. దాన్ని నా చేతులతో నేనే మూసిపెట్టి, బండికి ఊపిరాడకుండా చేసి, నెలల తరబడి ఊరంతా వైద్యం చేయించాను. సిగ్గుతో నా మొహం నాకే బరువైంది.

ఆ ముక్క లేకుండా బండి వికారాబాద్ దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగితే బాగుండునని దారంతా అనుకున్నాను. ఇంకెక్కడైనా తప్పుంటే, ఎంత చిన్నదైనా సరే, చాచా తప్పు ఉండాలని మొక్కుకున్నాను. మీటింగులో ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన, "అయిందేదో అయింది. ఇప్పుడు పోయి చెప్తే నీ పరువే పోతది. ఊకో" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాలుగు రోజులు ఊరుకున్నాను కూడా. నేను నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? బండి బాగైందెలా అని అడిగేవాళ్ళు కూడా లేరు. కానీ షెడ్డు దాటి పోయేటప్పుడల్లా ఇప్పుడు ఇంజను చల్లగా, హాయిగా మోగుతుంటే నాకు చెవులు మూసుకోవాలనిపించేది. ఆయన ఆ చప్పుడు విని తలెత్తి చూసేవాడు. బాగైన ఇంజను చప్పుడు ఆయనకి తెలియదా?

అయిదో రోజు మొదలుపెట్టాను. ఏ ఇళ్ళలో చెప్పానో ఆ ఇళ్ళకే పోయాను. "తప్పు నాదే, మూత కింద నేనే కవర్ పెట్టిన, చాచా ఏం మార్చలే" అని చెప్పాను. ఒకామె నవ్వింది. "నువ్వు మంచిదానివి నర్సమ్మా, ముసలోని మీద జాలిపడి అంటున్నవ్." ఇంకొకామె, "నిప్పు లేంది పొగ వస్తదా?" అంది. ఆ నిప్పు నేనే తల్లీ, నేనే అంటించాను అన్నాను. ఆమె తల ఊపింది గానీ, ఆ మర్నాడే వాళ్ళాయన బండి తాండూరుకి తీసుకుపోయాడని పక్కింటామె చెప్పింది. ఒక్కసారి చెప్పిన అబద్ధాన్ని నమ్మినవాళ్ళు, పదిసార్లు చెప్పిన నిజాన్ని నా మంచితనం కింద జమ కట్టేశారు. రోడ్డు మీదే నిలబడి అరవాలనిపించింది. నా నోటికి అంత బలముందని మురిసిపోయానే, అది చెరపడానికే గానీ పూడ్చడానికి పనికిరాలేదు.

చివరికి షెడ్డుకి పోయాను. అందరికన్నా ముందు పోవాల్సిన చోటికి అందరికన్నా ఆఖర్న పోయాను, అదీ నా ధైర్యం. బండి దిగి, పర్సులోంచి పాలిథిన్ ముక్క తీసి చాచా చేతిలో పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. మూత చుట్టూ బిగిసిన గుర్తు గుండ్రంగా పడి ఉంది దాని మీద.

"యా అల్లా," అన్నాడు మెల్లగా. "మూత నేను తీసి చూడాలె. నువ్వు వద్దన్నవని తియ్యలే. నాది సుతం తప్పే."

నాకు ఏడుపు ఆగలేదు. "నీ తప్పేం లేదు చాచా. నన్ను చెప్పుతోటి కొట్టు" అన్నాను.

"ఊకో బేటీ, ఊకో." ఆయన స్టూలు నా వైపు జరిపాడు. నేను కూర్చోలేదు. ఊరంతా తిరిగి చెప్పానని, ఎవరూ నమ్మడం లేదని, మళ్ళీ తిరుగుతానని, అవసరమైతే మైకు పెట్టి చెప్తానని ఏదేదో అన్నాను.

"ఊరోళ్ళు ఇయ్యాల కాకుంటే రేపు వస్తరు. పంచరైతే ఎవరి దగ్గరికి పోతరు?" అన్నాడు. తర్వాత నా మొహం చూడకుండా, "జర మా ఇంటికి వస్తవా? మా ఇంటామెకు ఒక్క మాట చెప్పు" అన్నాడు.

ఇల్లు షెడ్డు వెనక సందులోనే. ఆమె నాకు బాగా తెలుసు, నెల నెలా నా దగ్గరే షుగర్ చూపించుకుంటుంది. నన్ను చూడగానే ప్లాస్టిక్ కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చాచా లోపలికి రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు. నేను గ్లాసు కింద పెట్టి మొత్తం చెప్పాను. కవరు సంగతి, మూత సంగతి, గుట్ట మీద వచ్చిన చప్పుడు, అన్నీ. చాచా నా బండి నుంచి ఒక్క మేకు కూడా తీయలేదని చెప్పాను.

ఆమె మంచం అంచున కూలబడింది.

"నువ్వు చెప్పినవంటే నిజమే అనుకున్న నర్సమ్మా. నా మనుమలకు సూదులేసిన చేతులాయె. నువ్వెందుకు అబద్ధమాడ్తవ్ అనుకున్న. ఒకనాడు బువ్వ తింటుంటె నేను సుతం అడిగిన, నిజంగనే మార్చినవా అని. పళ్ళెం ముందట్నుంచి లేచి పోయిండు. గప్పటి సంది షెడ్డుకే టిఫిన్ పంపమంటుండు."

ఆమె కళ్ళు తుడుచుకుని గడప వైపు తిరిగింది. మాఫ్ చెయ్యమని ఉర్దూలో అడిగింది. చాచా కూడా ఉర్దూలోనే జవాబిచ్చాడు. నాకు ఆ మాత్రం ఉర్దూ వస్తుంది. ఆయన గొంతులో కోపం లేదు.

"నువ్వు అడిగిననాడే చెప్పిన గద, మార్చలేదని. గప్పుడు నా మాట నమ్మలే. ఇయ్యాల నర్సమ్మ వచ్చి చెప్తే నమ్ముతున్నవ్."

చెప్పులు తొడుక్కుని షెడ్డుకి వెళ్ళిపోయాడు.